బడి స్లాబు మీద ఉపగ్రహ కేంద్రం: 41 పాసుల డైరీ

ఇంకో బడివాళ్లు ఈ పని పెట్టుకుంటే, ఇక్కడ వృథా అయిన వారాలు వాళ్లకు మిగలాలని ఈ డైరీ రాస్తున్నాం. హన్మకొండ శివారులోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు వాతావరణ ఉపగ్రహం నుంచి నేరుగా చిత్రం దించుకోవాలి. అదే పని. ఉపగ్రహాలు రెండు, రెండూ రష్యావే: 2023 జూన్‌లో ఎగిరిన మీటియర్ ఎం2-3, 2024 ఫిబ్రవరిలో ఎగిరిన మీటియర్ ఎం2-4. ఎక్కువగా 137.9 మెగాహెర్ట్జ్ మీద, అప్పుడప్పుడు 137.1 మీద ప్రసారం చేస్తాయి. ఎవరైనా పట్టుకోవచ్చు, తాళం లేదు.

ఉపగ్రహం ఒకసారి మన ఆకాశం దాటడాన్ని పాస్ అంటారు. ప్రతి దశ చివర మూడు లెక్కలు ఇస్తున్నాం: పాసులు, ఖర్చు, మిగిలిన పిల్లలు. మొదటి రెండూ మూడోదాని కోసమే.

దశ 1: యాంటెన్నా తయారైంది, ఆరు పాసులు పోయాయి

కొన్న సామాను:

1. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ4 డాంగిల్ (కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్): రూ.5,200
2. 6 మి.మీ. అల్యూమినియం కడ్డీ, 1.2 మీటర్లు (అల్యూమినియం కిటికీలు చేసే షాపులో దొరుకుతుంది): రూ.120
3. కరెంటు పనివాళ్లు వాడే స్క్రూల కనెక్టర్ పట్టీ, 30 ఆంపియర్ల సైజు: రూ.30. చిన్న సైజులో ఈ కడ్డీ దూరదు.
4. ముప్పావు అంగుళం పీవీసీ పైపు, ‘టీ’ ఆకారపు జాయింటు ఒకటి: రూ.180
5. ఆర్‌జీ-58 కేబుల్, 20 మీటర్లు: రూ.600. ఇది తప్పు. ఎందుకో మూడో దశలో ఉంది.
6. ఎస్ఎంఏ కనెక్టర్లు (కేబుల్‌ను డాంగిల్‌కు బిగించేవి): రూ.120

చేసే పద్ధతి:

1. కడ్డీని 53.4 సెంటీమీటర్ల ముక్కలు రెండు కోయాలి.
2. కనెక్టర్ పట్టీలో పక్కపక్కనున్న రెండు రంధ్రాల్లో ఒక్కో ముక్క బిగించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు.
3. జామెట్రీ బాక్సులోని కోణమానినితో ప్లైవుడ్ ముక్క మీద 120 డిగ్రీలు గీసి, అదే అచ్చుగా పెట్టుకుని కడ్డీలను ‘వీ’ ఆకారంలో నిలపాలి.
4. కేబుల్ మధ్య తీగ ఒక కడ్డీకి, చుట్టూ ఉండే జాలీ రెండో కడ్డీకి కలపాలి.
5. ‘వీ’ని నేలకు సమాంతరంగా, నోరు ఉత్తరానికో దక్షిణానికో తిప్పి పెట్టాలి. ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి మనకు ఉత్తర దక్షిణాలుగానే వచ్చిపోతాయి.

53.4 ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలతోనే లెక్క కట్టించాలి. 300ని 137.9తో భాగిస్తే తరంగం పొడవు 2.175 మీటర్లు. అందులో నాలుగో వంతు 54.4 సెంటీమీటర్లు. లోహపు కడ్డీలో అది కాస్త పొట్టిదవుతుంది. కోణం 120 డిగ్రీలుంటే యాంటెన్నా నిరోధం దాదాపు 50 ఓమ్‌లకు వచ్చి డాంగిల్‌తో సరిపోతుంది. అడ్డంగా పరిచినందువల్ల నేల మీద నిలువు యాంటెన్నాల నుంచి వచ్చే సిగ్నళ్లు బలహీనపడతాయి. ఉపగ్రహం తరంగాన్ని మెలితిప్పి పంపుతుంది కనుక ఈ పద్ధతిలో 3 డెసిబెల్స్ నష్టం, అంటే సగం సిగ్నల్, తప్పదు. ఆ నష్టం భరించదగ్గదే.

ఒక గుంపు కడ్డీలను రెండు సెంటీమీటర్లు పొట్టిగా కోసింది. అవే వాడి చూస్తే తేడా దాదాపు కనిపించలేదు. మిల్లీమీటర్ల దగ్గర గంటలు పోగొట్టొద్దు. అసలు శత్రువు వేరే ఉంది, మూడో దశలో దొరికింది.

ఆరు పాసులు ఎలా పోయాయంటే:

మొదటి రెండు పాత పాఠం నమ్మి పోయాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం అమెరికా ఉపగ్రహాలు నోవా-15, 18, 19 గురించి చెబుతాయి. ఆ మూడింటినీ 2025 జూన్, ఆగస్టు మధ్య ఆపేశారు. ఆగిపోయిన ఉపగ్రహం కోసం 38 మంది పిల్లలు ఎండలో నిలబడ్డారు. పాఠం తీసుకునేముందు అది ఏ ఏడాదిదో చూడాలి.

తర్వాతి రెండు డ్రైవర్ వల్ల పోయాయి. వీ4 డాంగిల్ పాత డ్రైవర్లతో పనిచేస్తున్నట్టు నటిస్తుంది కానీ సరైన చోట ట్యూన్ కాదు. విండోస్‌లో జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి, ‘బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0’ ఎంచుకుని డ్రైవర్ మార్చాలి. వీ4కు వచ్చిన కొత్త ఫైళ్లే వాడాలి. పాస్ దాకా ఆగకుండా ముందే పరీక్షించుకునే దారి ఒకటుంది: ఆకాశవాణి ఎఫ్‌ఎంకు ట్యూన్ చేయండి. పాట వినిపిస్తే డ్రైవర్ బాగున్నట్టే.

చివరి రెండు గడియారం మింగింది. ప్రోగ్రాం చూపించిన పాస్ వేళ అంతర్జాతీయ సమయంలో ఉంది. దానికి ఐదున్నర గంటలు కలపాలన్న సంగతి మొదటిసారి మరిచిపోయాం. రెండోసారి కలిపినా, ల్యాబ్ కంప్యూటర్ గడియారమే 40 నిమిషాలు వెనక ఉంది.

*లెక్క: పాసులు 6, సిగ్నల్ 0, చిత్రం 0. ఖర్చు రూ.6,250. పిల్లలు 38 నుంచి 19.*

వెళ్లిపోయిన 19 మందిని గమనిస్తే ఒకటే కనిపించింది. వాళ్ల చేతిలో పని లేదు. కంప్యూటర్ ముందు ముగ్గురు, వెనక భుజాల మీంచి తొంగిచూసే 35 మంది. విసుగు ఉపగ్రహం వల్ల రాలేదు.

దశ 2: సిగ్నల్ వచ్చింది, గుర్తుపట్టలేదు

మార్చినవి:

1. మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్, సీఆర్2032: రూ.40. ఇది చచ్చిపోతే కంప్యూటర్ ఆపినప్పుడల్లా టైం పోతుంది. సర్కారు బడి ల్యాబుల్లో ముందు చూడాల్సింది ఇదే.
2. పాస్ ముందు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటర్ టైం సరిచేయడం, ఉపగ్రహ కక్ష్య వివరాలు తాజా చేయడం. వారానికి ఒకసారైనా చేయాలి. నెల పాత వివరాలతో లెక్క తప్పుతుంది.
3. శాట్‌డంప్ అనే ఉచిత ప్రోగ్రాం. అందులో ‘మీటియర్ ఎం2-ఎక్స్ ఎల్‌ఆర్‌పీటీ 72కే’ అనే పద్ధతి ఎంచుకోవాలి.

ఏడో పాస్‌లో సిగ్నల్ నిజంగానే వచ్చింది. ఎవరికీ తెలియలేదు. పిల్లలు తెర మీద సన్నని గీత కోసం చూస్తున్నారు, చెప్పినవాళ్లూ అలాగే చెప్పారు. ఈ ఉపగ్రహాల సిగ్నల్ గీతలా ఉండదు. వంద కిలోహెర్ట్జ్ దాటిన వెడల్పుతో, నేల నుంచి కాస్త లేచిన మట్టిగట్టులా ఉంటుంది. రికార్డు మళ్లీ చూసినప్పుడు బయటపడింది. ఇప్పుడు ఆ ఫొటో ప్రింటు తీసి ల్యాబ్ గోడకు అంటించాం. మీరు మొదటిరోజే అంటించండి.

ఎనిమిదో పాస్‌లో హార్డ్ డిస్క్ నిండిపోయింది. ముడి సిగ్నల్ మొత్తం దాచుకోవాలనుకున్నాం. సెకనుకు 10,24,000 నమూనాలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే సెకనుకు 8.2 మెగాబైట్లు. 13 నిమిషాల పాస్‌కు 6.4 గిగాబైట్లు కావాలి. కంప్యూటర్‌లో ఖాళీ 5 గిగాబైట్లు. పదో నిమిషంలో ఆగిపోయింది. అదే సిగ్నల్‌ను 8 బిట్లలో దాస్తే 1.6 గిగాబైట్లే. డాంగిల్ ఇచ్చేది ఎలాగూ 8 బిట్లే, కాబట్టి పోయేదేమీ లేదు. ఈ గుణకారం ఇప్పుడు మొదటి వారం పాఠంలో చేరింది. పిల్లలు దీన్ని ఒక్కసారి వింటే మర్చిపోవడం లేదు, ఎందుకంటే చిత్రం పోయింది దానివల్లే.

తొమ్మిది, పది పాసుల్లో సిగ్నల్ గట్టు కనిపించింది, చిత్రం కట్టలేదు. శాట్‌డంప్‌లో ఒక చిన్న చదరం ఉంటుంది. సిగ్నల్ బాగుంటే అందులో చుక్కలు నాలుగు గుంపులుగా విడిపోతాయి. మాకు ఒకే ముద్దగా కనిపించాయి.

*లెక్క: పాసులు 10, సిగ్నల్ 3, చిత్రం 0. ఖర్చు రూ.6,290. పిల్లలు 14.*

దశ 3: రొద వేట

మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ నేర్పిన వారం ఇది. పిల్లలు మొదటిసారి గంట కొట్టినా కదలలేదు.

ఉపగ్రహం లేని వేళ 137.9 దగ్గర తెర మీద రొద, అంటే సిగ్నల్ కాని రేడియో గోల, ఎంత ఉందో చదివాం. ఒకరు అంకె చదువుతారు, ఒకరు రాస్తారు, మిగతావాళ్లు బడి అంతా తిరిగి ఒక్కో స్విచ్ ఆపుతారు. ఈ అంకెలు డాంగిల్ చూపించే సాపేక్ష డెసిబెల్స్, తేడాలే ముఖ్యం:

- అన్నీ నడుస్తుండగా: మైనస్ 58
- ల్యాబ్‌లోని ఎల్ఈడీ ట్యూబులు ఆపితే: మైనస్ 60
- వరండాలోని సీసీ కెమెరాల డబ్బా అడాప్టర్ తీసేస్తే: మైనస్ 64
- ల్యాబ్ కంప్యూటర్ బదులు, చార్జర్ లేకుండా బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్ పెడితే: మైనస్ 69

పదకొండు డెసిబెల్స్ అంటే పన్నెండు రెట్లకు పైగా. అంత రొద బడి లోపలే పుడుతోంది. ఎక్కువ పాపం చౌక అడాప్టర్లదే. వాటిలో కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతారు, ఆ దెబ్బల శబ్దం రేడియోలో 137 దాకా పాకుతుంది. కెమెరాల అడాప్టర్‌ను హెడ్మాస్టర్ సార్ అనుమతితో పాస్ జరిగే పావుగంట మాత్రమే తీస్తున్నాం. లాగ్‌లో, అంటే పాసుల వివరాలు రాసే పుస్తకంలో, తీసిన టైం, పెట్టిన టైం రాయాలి. ఒకరోజు తిరిగి పెట్టడం మర్చిపోయారు కాబట్టి ఈ నియమం వచ్చింది.

ల్యాప్‌టాప్ స్లాబు మీదికే చేరింది, కేబుల్ సగమైంది. అప్పుడు కేబుల్ కూడా మార్చాం. ఆర్‌జీ-58లో 20 మీటర్లకు ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సుమారు మూడున్నర డెసిబెల్స్ పోతాయి. కేబుల్ టీవీవాళ్లు వాడే ఆర్‌జీ-6లో 10 మీటర్లకు ఒక డెసిబెల్ కూడా పోదు, ధర కూడా తక్కువ. అది 75 ఓమ్‌లది కదా అని భయపడొద్దు. పొసగనందుకు కలిగే నష్టం 0.2 డెసిబెల్‌కు మించదు.

ఎండలో ల్యాప్‌టాప్ తెర కనిపించదు. పెద్ద అట్టపెట్టెకు ఒక పక్క కోసి లోపల పెడితే సరిపోయింది.

ఇక గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ను డాంగిల్ ఎంత పెంచాలో చెప్పే అమరిక. అందరూ చేసే పొరపాటు గెయిన్‌ను చివరిదాకా తిప్పడం. దగ్గర్లోని ఎఫ్‌ఎం స్టేషన్లు ఉపగ్రహం కన్నా ఎన్నో రెట్లు బలమైనవి, అవి డాంగిల్ చెవులు మూసేస్తాయి. ఎంత గెయిన్ మంచిదో కొలవడంలోనూ ఒక తప్పు జరిగింది. ఒకే పాస్‌లో నాలుగు గెయిన్‌లు మార్చి పోల్చాం. ఉపగ్రహం అప్పటికి పైకి ఎక్కుతోంది, సిగ్నల్ దానంతటదే పెరుగుతోంది, కాబట్టి ఏది చివర పెడితే అదే గొప్పగా కనిపించింది. నెత్తి మీద ఉన్నప్పుడు ఉపగ్రహం దూరం సుమారు 820 కిలోమీటర్లు. దిగంతంలో ఉన్నప్పుడు 3,300 దాటుతుంది. దూరం నాలుగు రెట్లయితే సిగ్నల్ పదహారో వంతు, అంటే 12 డెసిబెల్స్ తేడా. అందుకే నాలుగు పాసుల్లో నాలుగు గెయిన్‌లు పెట్టి, ఉపగ్రహం ప్రతిసారీ దిగంతం నుంచి 40 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడే అంకె చదివాం. రొద కన్నా సిగ్నల్ ఎంత ఎత్తుందంటే:

- గెయిన్ 49: 2 డెసిబెల్స్
- గెయిన్ 44: 4
- గెయిన్ 38: 7
- గెయిన్ 33: 6
- గెయిన్ 38తో పాటు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఆపే ఎఫ్‌ఎం ఫిల్టర్ పెడితే (ఐదో పాస్‌లో): 10

5 కిందికి పడితే చిత్రంలో గీతలు పోతున్నాయి. పైన చిన్న ఆంప్లిఫయర్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఎఫ్‌ఎం గోల ఉన్న చోట అది ఆ గోలనూ పెంచుతుంది. ముందు ఫిల్టర్, దాని తర్వాత కూడా చాలకపోతేనే ఆంప్లిఫయర్. మాకు అవసరం పడలేదు.

ఖర్చు: ఆర్‌జీ-6 10 మీటర్లు రూ.200, ఎఫ్ ప్లగ్గులు, ఎఫ్ నుంచి ఎస్ఎంఏ అడాప్టర్ రూ.150, కేబుల్ వెంట పాకే రొదను ఆపడానికి తగిలించే ఫెర్రైట్ దిమ్మెలు నాలుగు రూ.200, ఎఫ్‌ఎం ఫిల్టర్ రూ.1,450.

మొదటి పూర్తి చిత్రం 15వ పాస్‌లో వచ్చింది. నాలుగు చుక్కల గుంపులు విడిపోయిన క్షణం ముద్ద పగిలినట్టు కనిపిస్తుంది. పిల్లలు దానికి ‘తాళం పడటం’ అని పేరు పెట్టారు, ఇప్పుడు లాగ్‌లోనూ అదే రాస్తున్నారు. ఇంకో మాట: ఎం2-3 సిగ్నల్ ఊగుతూ ఉంటుంది, దాని యాంటెన్నా పూర్తిగా విచ్చుకోలేదని రేడియోవాళ్ల నమ్మకం. కొత్తవాళ్లు ఎం2-4తోనే మొదలుపెట్టాలి.

*లెక్క: పాసులు 19, సిగ్నల్ 11, చిత్రం 5. ఖర్చు రూ.8,290. పిల్లలు 16. వెళ్లిన ఇద్దరు తిరిగొచ్చారు.*

దశ 4: కోతులు, వాన

యాంటెన్నా స్లాబు మీదే వదిలేస్తే కోతులు రెండు రోజుల్లో రెండు కడ్డీలూ వంచేశాయి. ముళ్లకంప కట్టడం, ముసుగు కప్పడం ఏదీ నిలవలేదు. పరిష్కారం సాదాది: యాంటెన్నాను పైన ఉంచొద్దు. రంగు డబ్బా బకెట్‌లో సిమెంటు పోసి, మధ్యలో ఒక అంగుళం పైపు అడుగున్నర ఎత్తు నిలబెట్టాం. యాంటెన్నా ఉన్న ముప్పావు పైపు అందులో దూరుతుంది. పాస్‌కు పది నిమిషాల ముందు ఎక్కించి, అవగానే దించి గదిలో పెడుతున్నారు. ఉరుములున్న రోజు పాస్ లేదు, చర్చ లేదు. పిడుగుల కాలంలో స్లాబు మీద లోహపు కడ్డీ పట్టుకుని పిల్లలు నిలబడకూడదు.

వానాకాలంలో సిగ్నల్ రోజురోజుకూ తగ్గింది. కడ్డీ, కేబుల్ కలిసే చోట తెల్లటి పొడి కనిపించింది. అల్యూమినియం, రాగి తడిలో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. పైగా ఆర్‌జీ-6 జాలీ వెంట నీళ్లు ఒక జాన దూరం లోపలికి పాకాయి. చేయాల్సినవి:

1. తడిసిన కేబుల్ ముక్క కోసి పారేయాలి. ఆరబెట్టినా పనికిరాదు.
2. కడ్డీ కొసను ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ బిగించాలి.
3. అతుకు మొత్తం తనకు తానే అతుక్కునే రబ్బరు టేపుతో చుట్టాలి. మామూలు కరెంటు టేపు మన ఎండకు జిగురు కారి ఊడిపోతుంది.
4. అతుకు కింద కేబుల్‌ను ఒక చుట్టు కిందికి వేలాడదీసి తీసుకెళ్లాలి. నీటి చుక్క అక్కడే రాలిపోతుంది.

*లెక్క: పాసులు 29, సిగ్నల్ 19, చిత్రం 12. కొత్త కడ్డీ రూ.120, టేపు రూ.220, సిమెంటు, బకెట్, పైపు రూ.160. ఖర్చు రూ.8,790. పిల్లలు 16.*

దశ 5: పిల్లలకు పనులు పంచడం

రొద వేటలో పనిచేసిన పద్ధతినే అన్ని పాసులకూ పెట్టాం. ఐదు పనులు:

- కక్ష్య: పాస్ వేళ, గరిష్ఠ ఎత్తు, వచ్చే దిక్కు లెక్క తీయడం. 30 డిగ్రీల కన్నా తక్కువ ఎత్తు పాసులు వదిలేయడం.
- యాంటెన్నా: నిలపడం, దిక్సూచితో తిప్పడం, దించడం.
- రిసీవర్: గెయిన్, తాళం పడిన క్షణం.
- చిత్రం: శాట్‌డంప్ ఇచ్చిన ఫైలును సరిచేయడం, పేరు పెట్టి దాచడం.
- లాగ్: ప్రతి నిమిషానికి ఎత్తు, సిగ్నల్, ఆకాశం, ఆపిన స్విచ్‌లు.

మొదటి రెండు వారాల్లో, ఎవరూ చెప్పకుండానే, అబ్బాయిలు యాంటెన్నా దగ్గర, అమ్మాయిలు లాగ్ పుస్తకం దగ్గర తేలారు. ‘దస్తూరి బాగుంటుంది కదా’ అన్నారు. ఇది చిన్న విషయంగా వదిలేస్తే ఏడాదంతా అలాగే గడ్డకడుతుంది. మూడో వారం నుంచి పాస్ ముందు రోజు చీటీలు తీస్తున్నాం. చీటీలో వచ్చిన పనే చేయాలి, మార్చుకోవడం లేదు.

ఇంకో అడ్డంకి ఆర్టీసీ బస్సు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు నాలుగున్నర బస్సుకే వెళ్లాలి. సాయంత్రం పాసులు ఎంత ఎత్తయినా వాళ్లకు అందవు. ఆ పాసులు పెట్టుకున్న వారం సగం మంది మానేశారు, ఆసక్తి తగ్గిందని పొరపాటుగా రాసుకున్నాం. బడి వేళలో పడే పాసులకే పరిమితమయ్యాక హాజరు నిలబడింది. వారానికి రెండు మంచి పాసులు దొరికితే చాలు.

*లెక్క: పాసులు 41, సిగ్నల్ 31, చిత్రం 23. ఖర్చు రూ.8,790. పిల్లలు 22.*

దశ 6: చిత్రంలో ఏముంది

చిత్రం చేతికి రాగానే పిల్లలు మొదట అడిగేది ‘మా ఊరేది’. ఈ ప్రశ్న మీదే రెండు వారాలు నడపొచ్చు.

నాదిర్‌లో, అంటే ఉపగ్రహం సరిగ్గా కింద, చిత్రంలో ఒక చుక్క (పిక్సెల్) దాదాపు ఒక కిలోమీటరు. ఒక్కో గీతకు 1,568 చుక్కలు, వెడల్పు సుమారు 2,800 కిలోమీటర్లు. నేల మీద ఉపగ్రహం సరిగ్గా కింద ఉండే చోటు సెకనుకు 6.6 కిలోమీటర్లు పరుగెత్తుతుంది, కనుక పది నిమిషాల సిగ్నల్‌లో దాదాపు 4,000 గీతలు. తాళం 20 డిగ్రీల ఎత్తులో పడితే అప్పుడు ఉపగ్రహం మనకు 1,500 కిలోమీటర్ల దూరపు నేల మీద ఉంది. హిమాలయాల మంచు, శ్రీలంక, బంగాళాఖాతం ఒకే చిత్రంలో ఎందుకున్నాయో ఇప్పుడు లెక్కే చెబుతుంది.

పిల్లలకు ఇచ్చిన పని: పాఖాల చెరువు కనిపిస్తుందా, ముందే రాయండి. చెరువు సుమారు 30 చదరపు కిలోమీటర్లు, కాబట్టి 30 చుక్కలుండాలి. దాదాపు అందరూ కనిపిస్తుందని రాశారు. దొరకలేదు. కారణాలు వాళ్లే ఒక్కొక్కటి పట్టుకున్నారు: ఆ పాస్‌లో మనం చిత్రం అంచున ఉన్నాం, అంచున చుక్క సాగిపోతుంది, చుట్టూ అడవి, నీళ్లు రెండూ కంటికి కనిపించే కాంతిలో నల్లగానే ఉంటాయి, పైగా పల్చటి మబ్బు. శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్ మాత్రం స్పష్టంగా దొరికాయి. అదే చోటును ఇస్రో భువన్ పటంలో తెరిచి పక్కన పెడితే, ఏ ఉపగ్రహం దేనికి కట్టారో పిల్లలకు విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

ఒక జాగ్రత్త. అల్పపీడనం సుడి కనిపించిన రోజు పిల్లలు ఇంటికెళ్లి ‘రేపు వాన’ అని చెప్పారు. పత్తి ఏరే రోజులు, మిర్చి ఆరబోసిన కల్లాలు ఉన్న ఊళ్లివి. ఒక్క చిత్రం చూసి వాన చెప్పకూడదు. అప్పటి నుంచి చిత్రం పక్కనే వాతావరణ శాఖ ఆ రోజు ఇచ్చిన సూచన అంటించి, ‘ఇంట్లో అడిగితే ఇది చదివి వినిపించాలి’ అని రాస్తున్నాం.

దశ 7: ఉద్యోగాల కార్డులు

మొదటిరోజు 38 మందికి చీటీలిచ్చి ‘అంతరిక్ష రంగంలో మూడు ఉద్యోగాలు రాయండి’ అన్నాం. 114 గళ్లలో 71 చోట్ల శాస్త్రవేత్త, వ్యోమగామి. 39 ఖాళీ. నాలుగే వేరేవి.

తర్వాత గంటసేపు స్లైడ్లతో ఉద్యోగాల పాఠం జరిగింది. వారం తర్వాత అడిగితే దాదాపు ఏమీ మిగల్లేదు. అందుకే పాఠం తీసేసి, చేసే పనికే కార్డు కట్టాం. యాంటెన్నా చీటీ వచ్చినవాళ్లు ఆ రోజు యాంటెన్నా కార్డు చదివి మిగతావాళ్లకు చెప్పాలి. కార్డుల సారం:

యాంటెన్నా, రిసీవర్: పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్, ఫిట్టర్ లాంటి ట్రేడు చేస్తే ఇస్రోలో టెక్నీషియన్ పోస్టులకు అర్హత. పాలిసెట్ రాసి డిప్లొమా చేస్తే టెక్నికల్ అసిస్టెంట్. బీటెక్‌లో 65 శాతం ఉంటే సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ (ఇది గ్రేడు పేరు, రిజర్వేషన్ కాదు) పోస్టులకు పోటీపడొచ్చు.

కక్ష్య: గణితం, భౌతికశాస్త్రం. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ 2007 నుంచి నడుస్తోంది, బీటెక్‌లో చేరాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. పదో తరగతి మార్కులతో చేరే దారి మనకు దగ్గర్లోనే ఉంది: నిర్మల్ జిల్లా బాసరలోని ట్రిపుల్ ఐటీ.

చిత్రం: భూగోళం, కంప్యూటర్ రెండూ ఇష్టమున్నవాళ్లకు. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) పనే ఇది. దాని సిగ్నల్ కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. మన ‘వీ’ కడ్డీల పనినే అక్కడ పెద్ద డిష్‌లు చేస్తాయి.

లాగ్: లెక్క తప్పకుండా రాసేవాళ్లు లేకుండా ఏ ప్రయోగకేంద్రమూ నడవదు. నాణ్యత తనిఖీ, స్టోర్స్, భద్రత, అగ్నిమాపకం, డ్రైవింగ్, క్యాంటీన్ పోస్టులకూ ఇస్రో ప్రకటనలిస్తుంది. ఈ వాక్యం చదివిన రోజు ఎక్కువ ప్రశ్నలొచ్చాయి.

అన్ని కార్డుల వెనక ఒకే సమాచారం: ఇస్రో బడిపిల్లలకు పెట్టే యువికా (యువ విజ్ఞాని) కార్యక్రమం తొమ్మిదో తరగతివాళ్లకే, 2019లో మొదలైంది. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు, పంచాయతీ పరిధి బడులవాళ్లకు అదనపు మార్కులున్నాయి. ఎనిమిదిలోనే చెప్పకపోతే ఆలస్యమైనట్టే. హైదరాబాద్‌లో ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి: 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను ఎగరేసిన స్కైరూట్, అదే నెల 26న పీఎస్ఎల్‌వీ-సీ54లో రెండు చిన్న ఉపగ్రహాలు పంపిన ధ్రువ స్పేస్.

మొదటి విడత కార్డుల్లో ఒక తప్పుంది. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ అని రాయలేదు. ‘మా బిడ్డకు ఇస్రోల నౌకరి వస్తదా సార్’ అని ఒక తండ్రి అడిగినప్పుడు జవాబు తడబడింది. రెండో విడతలో ఒక వరుస చేర్చాం: ఇదే చేతిపని టెలికాం టవర్ల దగ్గర, విద్యుత్ సంస్థల్లో, ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో కూడా అన్నం పెడుతుంది. పేదింటి పిల్లల ముందు ఒకే తలుపు చూపించి, అది మూసుకుంటే దిక్కులేదన్నట్టు వదలకూడదు.

41వ పాస్ తర్వాత అదే చీటీ మళ్లీ: 22 మంది, 66 గళ్లు. శాస్త్రవేత్త, వ్యోమగామి 18. ఖాళీ 5. వేరేవి 43.

*ప్రింటు, ల్యామినేషన్ రూ.350. మొత్తం ఖర్చు రూ.9,140. ఆర్‌జీ-58, దాని కనెక్టర్లు, కోతులు వంచిన కడ్డీ లేకుండా మొదలుపెడితే రూ.8,300.*

మిగిలిన పని

వచ్చే జూన్‌లో ఈ 22 మంది పదిలోకి వెళ్తారు, పబ్లిక్ పరీక్షల ఏడాది. అందుకే జనవరి నుంచి ఒక్కో పనికి ఇద్దరు చొప్పున ఎనిమిదో తరగతివాళ్లను చేర్చుకుంటున్నాం. పాత డాంగిల్, పాత యాంటెన్నా వాళ్లకు ఇవ్వడం లేదు. 1.2 మీటర్ల కడ్డీ, హాక్సా బ్లేడు, కనెక్టర్ పట్టీ ఇచ్చి కొత్తది చేయిస్తాం. తొమ్మిదో తరగతివాళ్లు పక్కన నిలబడాలి, కడ్డీ ముట్టుకోకూడదు. మొదటి పాస్ ఎం2-4దే, 50 డిగ్రీలకు పైన, బస్సుకు కనీసం గంట ముందు.